పడవలో కారిన పెట్రోలు ఎక్కడికి పోతుంది?

(విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర బోటు నడిపేవాళ్ళకీ, మెకానిక్‌లకీ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నాకు మైకు అలవాటు లేదు. ముప్పై ఏళ్ళుగా పట్టుకున్నది స్పానరే. ఎక్కడైనా తడబడితే సర్దుకుపోండి.

మీ బైకు ట్యాంకు కారుతోందనుకోండి. చుక్క రోడ్డు మీద పడుతుంది, ఎండకి ఆవిరైపోతుంది. మహా అయితే మన జేబుకి చిల్లు. అదే చుక్క బోటులో పడితే? నీళ్ళు లోపలికి రాకూడదని అడుగున ఎక్కడా సందు లేకుండా కడతాం కదా, పెట్రోలుకీ బయటికి పోయే సందు లేదు. పైగా దాని ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేవదు. పలకల కింద, మనం నీళ్ళు తోడే గుంటలో, బిందెలో నీళ్ళలా కదలకుండా ఉంటుంది.

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకూడదని, తలుపులు తెరవాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ గ్యాసూ గాలికంటే బరువే, కానీ గడప దాటి పోతుంది. బోటు అడుగుకి గడప ఎక్కడిది?

పెద్ద బోట్లు నడిపేవాళ్ళు 'మాది డీజిలు, మాకేం' అనుకుంటున్నారేమో. కొంతవరకు నిజమే. మన పెట్రోలియం నిబంధనల్లో 23 డిగ్రీల లోపు వేడికే అంటుకునే ఆవిరి ఇచ్చేవి ఎ తరగతి, ఆ పైన 65 లోపు ఇచ్చేవి బి తరగతి. డీజిలు బి. పెట్రోలు ఎ. అది సున్నాకి నలభై డిగ్రీలు కిందున్నా ఆవిరి ఇస్తూనే ఉంటుంది. ఇక మన రోహిణి కార్తె ఎండలో సంగతి చెప్పాలా? గాలిలో వందకి ఒకటిన్నర పాళ్ళు ఆవిరి కలిస్తే చాలు, నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంటుంది. ఈరోజు నా మాటలు ముఖ్యంగా పాత ఫైబర్ బోట్ల వాళ్ళకి, పెట్రోలు మోటారు ఉన్నవాళ్ళకి.

ఆరేడేళ్ళ కిందట ఒక కుర్రాడు పాత ఫైబర్ బోటు తెచ్చాడు. "మేస్త్రీ, ట్యాంకు నిండా పోయించిన రోజే వాసనొస్తోంది, సగం ఉంటే రావట్లేదు" అన్నాడు. అప్పటికే ఎవరో కార్బురేటర్ మార్చారు, ఫిల్టరు మార్చారు. నేను కూడా ఇంజను దగ్గరే ఒక పూటంతా వెతికాను. జవాబు వాడి మాటలోనే ఉంది, నేను వినలేదు. ఎప్పుడూ కారుతుంటే లోపం కింద. నింపినప్పుడే కారితే లోపం పైన. పలకలు విప్పి చూస్తే, పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకులోకి దిగే లావు గొట్టం మోచేయిలా వంగిన చోట పగిలి ఉంది. పైవైపు నల్లగా నిగనిగలాడుతోంది. వంపు లోపలివైపు గోరు పెడితే గోరు దిగిపోయింది.

గొట్టం చూపుకి తెలియదు, గుడ్డకి తెలుస్తుంది. ఉతికిన పాత పంచె ముక్కతో గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా గట్టిగా తుడవండి. బయటికొచ్చి ఆ గుడ్డ వాసన చూడండి. పెట్రోలు వాసన తగిలితే, తడి కనపడకపోయినా, గొట్టం మార్చాల్సిందే. మార్చేటప్పుడు కొళాయికి వాడే పైపు కాదు, పెట్రోలు కోసమే చేసింది వేయండి.

ట్యాంకుల సంగతికొస్తే, అల్యూమినియం ట్యాంకు పైనుంచి కొత్త గిన్నెలా మెరుస్తుంది. కింద చెక్క మీదో, స్పాంజి మీదో కూర్చోబెట్టి ఉంటారు. ఆ స్పాంజి నీళ్ళు పీల్చి ఏళ్ళ తరబడి పట్టుకుంటుంది. గాలి ఆడని తడిలో అల్యూమినియం తెల్లటి పొడిగా రాలి, సూదిమొన అంత బెజ్జాలు పడతాయి. ఇత్తడి బిగింపులు నేరుగా దానికి తగులుతుంటే ఇంకా తొందరగా పోతుంది. అద్దం, టార్చి పట్టుకుని కిందివైపు చూడందే పాత బోటు కొనకండి.

దీనికి తోడు ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్. 2025 నాటికి దేశమంతా 20 శాతం వచ్చేసింది. మంచిదా చెడ్డదా అన్న వాదన నాకొద్దు. బోటువాడికి తెలియాల్సింది ఒకటే, ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. మన బోటు ఉండేదే నీళ్ళలో. నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో సహా విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది, అక్కడే లోహాన్ని తింటుంది. పాత రబ్బరు గొట్టాలూ, ఫైబర్‌తో చేసిన పాత ట్యాంకులూ దీని కోసం తయారైనవి కావు.

ఇంకో పొరపాటు, పొద్దున్నే చల్లటి పెట్రోలు మూతిదాకా నింపడం. 50 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే ఉబ్బి దాదాపు లీటరు పెరుగుతుంది. ఆ లీటరు గాలి గొట్టం లోంచి బయటికి తంతుంది. పదో వంతు ఖాళీ ఉంచండి. చేత్తో మోసే డబ్బాలైతే బోటులో పెట్టి నింపొద్దు. గట్టు మీద నేలమీద పెట్టి నింపండి, ప్రయాణికులు దిగి ఉండాలి.

నింపాక వెంటనే తాళం తిప్పకండి. మూతలన్నీ తెరిచి, బ్లోయర్ (గుంటలోని ఆవిరిని బయటికి లాగే ఫ్యాను) ఉంటే నాలుగు నిమిషాలు తిప్పి, తర్వాత వంగి గుంటలో వాసన చూడండి. బ్లోయర్ ఆవిరిని లాగుతుంది గానీ కింద మడుగు కట్టిన పెట్రోలును లాగలేదు. అందుకే ముక్కు కావాలి. జలుబు చేసిన రోజు పక్కవాడి ముక్కు అరువు తెచ్చుకోండి. (నవ్వులు) నవ్వకండి, నేను తెచ్చుకున్నాను.

వాసన ఉంటే కంగారులో బ్యాటరీ వైరు పీకేస్తారు చాలామంది. పీకేటప్పుడే చిటుక్కున రవ్వ పుడుతుంది. ఏదీ ముట్టుకోవద్దు, మనుషుల్ని గట్టుకి చేర్చండి. లోపల ఇంజనున్న బోటుకి కారు స్టార్టరు బిగించేది కూడా మనవాళ్ళే. అది రవ్వలు బయటికి చిమ్మే రకం. కారులో కింద గాలి ఆడుతుంది కాబట్టి చెల్లుతుంది. ఆటోనగర్‌లో దొరకనిది లేదంటాం, ఇది మాత్రం దొరికినా వద్దు.

లీకు చోట బట్టల సబ్బు రుద్దడం మనందరికీ వచ్చిన విద్యే. నేనూ చేశాను. గట్టుదాకా చేరడానికి సరే, మర్నాడు మళ్ళీ ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి కాదు. ఇక వెల్డింగ్. 'ట్యాంకు ఖాళీ చేశాం కదా' అంటారు. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు, ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి సిద్ధంగా ఉంటాయి. కడిగినా మూలల్లో మిగులుతుంది. పాత పెట్రోలు ట్యాంకుకి నేను మంట పెట్టను. ఎంత ఇస్తానన్నా పెట్టను, కొత్తది కొనుక్కోమంటాను.

మంట అంటుకుంటే నీళ్ళు చల్లకండి, పెట్రోలు నీళ్ళ మీద తేలి ఇంకా పాకుతుంది. మంటలార్పే పౌడరు సిలిండరు బోటు నడిపే సరంగు చేతికందే చోట ఉండాలి, ఇంజను పెట్టె లోపల కాదు.

మాటలు చాలు. సంచిలో పంచె ముక్కలు తెచ్చాను, రేవులో మీ బోట్లు కట్టి ఉన్నాయి. బీడీలు, సిగరెట్లు ఇక్కడే వదిలేసి రండి. ముందు ఎవరి బోటు చూద్దాం?