చెవి వెనక నీలం రంగు

(బాలల దినోత్సవం సందర్భంగా హైదరాబాద్ చిక్కడపల్లిలో జరిగిన ఒక సభలో రిటైర్డ్ ఉపాధ్యాయురాలి ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే.)

అధ్యక్షులు గారికి, ముఖ్య అతిథి గారికి, కార్యదర్శి గారికి, నన్ను పరిచయం చేస్తూ నా వయసు కూడా బయటపెట్టేసిన ఆ అబ్బాయికి, మీ అందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. మా ఇంట్లో బీరువాలో ఒక అర నిండా ఇవే ఉన్నాయి. వచ్చే ఏడాది శాలువా బదులు దుప్పటి ఇవ్వండి, చలికాలం ఎవరికైనా ఇచ్చుకుంటాం. నవ్వకండి, నిజంగానే అంటున్నా.

నాకిచ్చిన అంశం వినోద పరిశ్రమలో బాల కళాకారుల రక్షణ. పదిహేను నిమిషాలు అన్నారు. తొమ్మిది పేజీలు రాసుకొచ్చాను. ఇందాకటి నుంచి ఆ పక్క మెట్ల మీద కూర్చున్న పిల్లల్ని చూస్తుంటే ఆ పేజీలు చదవబుద్ధి కావడం లేదు. వాళ్ల సంగతికి తర్వాత వస్తాను. ముందు మా బడి సంగతి.

నేను 31 ఏళ్లు సర్కారు బళ్లలో పాఠాలు చెప్పాను. అందులో ఎక్కువ కాలం కృష్ణానగర్ చుట్టుపక్కలే. బడి పేరు చెప్పను. ఇప్పుడక్కడ పనిచేసే టీచర్లకి నా పాత పాపాలతో సంబంధం లేదు.

కృష్ణానగర్ తెలియనివాళ్లు ఈ హాల్లో ఉండరు. తెల్లవారుజామున అయిదింటికి ఆ సందుల్లోకి వెళితే, టిఫిన్ బండి దగ్గర ప్లేటు చేత్తో పట్టుకుని వ్యాన్ కోసం చూసే జనం కనపడేవాళ్లు. ఊళ్లో ఎకరం అమ్ముకుని హీరో అవుదామని వచ్చినవాళ్లు, కాలేక లైట్లు మోసేవాళ్లు, పెళ్లి సీనులో వెనక వరసలో అక్షింతలు వేసేవాళ్లు. వాళ్ల పిల్లలే మా విద్యార్థులు. "ఏజెంట్ పిలిచాడు టీచర్" అంటే ఆ రోజు ఒక బెంచీ ఖాళీ అన్నమాట.

1998లో అయిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. బొద్దుగా, పెద్ద పెద్ద కళ్లతో. ఒక సోమవారం మొదటి పీరియడ్‌లోనే తల వాల్చి నిద్రపోయాడు. లేపుదామని దగ్గరికెళ్లి చూస్తే చెవి వెనక నీలంగా ఉంది. మెడ మీద, గోళ్ల సందుల్లో కూడా. ఎవరో కొట్టారు, కమిలిపోయింది అనుకున్నాను. నా గుండె జారిపోయింది. కొంగు తడిపి తుడిస్తే కొంగుకి అంటింది. అప్పుడు అర్థమైంది, వాణ్ణి కృష్ణుణ్ణి చేశారని. ఏదో పౌరాణిక సీరియల్.

మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పాడు. ముందు రోజు పొద్దున్నే ఆరింటికి వ్యాన్ ఎక్కించారు. ఎనిమిదింటికల్లా ఒళ్లంతా రంగు పూసి, పట్టు పంచె కట్టి, నడుముకి వడ్డాణం బిగించి, కిరీటం పెట్టి కూర్చోబెట్టారు. యశోద వేషం వేసే ఆవిడ రాలేదు. సరే, ఈలోగా వేరే సీన్లు తీసుకుందాం అన్నారు. వీడు కుర్చీకి ఆనుకోకూడదు, రంగు అంటుకుంటుంది. పడుకోకూడదు, కిరీటం వంగిపోతుంది. నీళ్లు తాగకూడదు, ఎందుకంటే ఒంటికి వెళ్లాలంటే వడ్డాణం, పంచె అన్నీ విప్పాలి, మళ్లీ కట్టడానికి అరగంట. "ఆపుకో నాన్నా, ఒక్క షాటే" అన్నారట. ఆ ఒక్క షాటు రాత్రి తొమ్మిదింటికి తీశారు. ఇల్లు చేరేసరికి పదకొండున్నర.

"ఇంకో సంగతి టీచర్" అన్నాడు, మొహం వెలిగిపోతూ. "సెట్‌లో ఒక తాత నా కాళ్లకి దండం పెట్టాడు. తర్వాత చాలామంది పెట్టారు."

ఈ మాట నేను చాలా సభల్లో చెప్పాను. విన్నవాళ్లుంటే ఓపిక పట్టండి, మళ్లీ చెప్తాను. కాళ్లకి దండం పెట్టారు. ఒంటికి మాత్రం పోనివ్వలేదు.

ఇక నా తప్పు. ఆ మరుసటి నెల వాడు పదకొండు రోజులు రాలేదు. వాళ్లమ్మ వచ్చింది. పాలకొల్లు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మొగుడు షూటింగ్‌లో నిచ్చెన మీంచి పడి మంచాన ఉన్నాడు. "పేరు తీసెయ్యకండి టీచర్ గారండీ, వీడు తెచ్చిందే తింటున్నామండి" అని ఏడ్చింది. రోజుకి 150 రూపాయలు ఇస్తారట, అందులో 30 ఏజెంట్‌కి. నేను ఏం చేశాను? రిజిస్టర్‌లో పదకొండు గళ్లలోనూ హాజరు వేశాను. జాలిపడ్డాను అనుకున్నాను. తనిఖీకి వచ్చినాయన చూసి "మీ క్లాసులో హాజరు బాగుందమ్మా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి ఆ పిల్లవాడు ఎన్ని రోజులు పనికి వెళ్లాడని ఆరా తీస్తే, కాగితం మీద ఒక్క రోజు కూడా వెళ్లలేదు. ప్రొడ్యూసర్ దాచలేదు, ఏజెంట్ దాచలేదు. వాళ్లకా అవసరమే రాలేదు, నేనే దాచిపెట్టాను.

సరే, చట్టం. కార్యదర్శి గారు వాచీ చూసుకుంటున్నారు, చెప్తున్నానండీ.

1986లో వచ్చిన బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. రెండు మినహాయింపులు. ఒకటి, బడి అయ్యాకో సెలవుల్లోనో ఇంటివాళ్ల పనిలో, ప్రమాదం లేనిదైతే, సాయం చేయవచ్చు. రెండోది సినిమా, టీవీ, ప్రకటనలు వగైరాల్లో నటించవచ్చు. సర్కస్ మాత్రం కుదరదు. సర్కస్‌లో పిల్లలు వద్దని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఉయ్యాల మీంచి పడితే ఎముక విరగడం అందరికీ కనపడుతుంది కాబట్టి అది తొందరగా ఆగింది. సెట్‌లో జరిగేది అలా కనపడదు.

2017లో నియమాలు వచ్చాయి. మంచి నియమాలు, నేను వంక పెట్టను. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. ఏ పిల్లలు వస్తున్నారు, వాళ్ల బాగోగులు ఎవరు చూస్తారు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా, అన్నీ రాసివ్వాలి. అయిదుగురు పిల్లలకి కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. వరసగా 27 రోజులకి మించి పని చేయించకూడదు. చదువు ఆగకూడదు. పిల్లవాడికి ఇష్టం లేకపోతే చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరనే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చట్టం మీరి పని చేయించుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఆ 20 శాతం ఊరికే రాలేదు. చాప్లిన్ పక్కన నటించిన జాకీ కూగన్ అనే అమెరికా పిల్లవాడు లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక నా డబ్బేదీ అంటే తల్లి, మారుటి తండ్రి మొండిచెయ్యి చూపారు. 1938లో కోర్టుకెక్కితే దక్కింది 1,26,000 డాలర్లు. ఆ గొడవ పుణ్యమా అని 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. మనవాళ్లు ఆ దారికి రావడానికి 2017 అయింది. మన మొదటి టాకీ 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద'. అంటే మన సినిమాకి మాట వచ్చిందే ఒక పిల్లవాడి కథతో. లెక్క మీరే వేసుకోండి.

ఇంకో నియమం కావాలనే చివరికి ఉంచాను. రోజుకి 5 గంటలకి మించి పని వద్దు, విశ్రాంతి లేకుండా 3 గంటలకి మించి వద్దు. నా పేచీ అంతా ఇక్కడే. ఆ అయిదు గంటలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి? ఏ మేనేజర్నైనా అడగండి, "మా దగ్గర బాబు చేసింది గంటన్నరేనండీ" అంటాడు. అబద్ధం కూడా కాదు. కెమెరా ముందు గంటన్నరే. మిగతా పదమూడు గంటలు రంగు చెరగకుండా, చెదరకుండా కూర్చున్నాడు చూశారూ, ఆ కూర్చోవడం పని కాదా? పెద్దవాళ్లకి క్యారవాన్ ఉంటుంది, ఫోన్ ఉంటుంది, విసుగొస్తే అరుస్తారు. పిల్లవాడు అరిస్తే "మొండివాడు, వేరేవాణ్ణి పిలవండి" అంటారు. ఆ భయంతో తల్లే గిల్లి ఊరుకోబెడుతుంది. నేనడిగేది ఇదొక్కటే. గుమ్మం దాటినప్పుడు గడియారం మొదలవ్వాలి, మళ్లీ గుమ్మంలోకి వచ్చాక ఆగాలి.

ఇప్పుడు మెట్ల మీద కూర్చున్న పిల్లల దగ్గరికి వస్తున్నాను.

అమ్మా, ఆకుపచ్చ పట్టు లంగా పాపా, నిన్ను మేకప్‌కి ఎన్నింటికి రమ్మన్నారమ్మా? రెండింటికా? అయిదింటికి సభ అన్నారు. ముఖ్య అతిథి గారు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు, ఆయన తప్పు కాదు, నేనూ ఇరుక్కున్నాను. ఆరున్నరకి వచ్చారు. ఏడింటికి ఈ పిల్లలు నాలుగు నిమిషాలు డాన్స్ చేశారు, మనందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు ఏడూ నలభై. అంటే అయిదు గంటల నలభై నిమిషాలు. "ఇది సినిమా కాదు కదా మేడమ్, డబ్బులు తీసుకోవడం లేదు కదా" అంటారు. అవునండీ, చట్టం ఈ హాల్లోకి రాదు. మనం వచ్చాం కదా?

టిఫిన్ ప్యాకెట్లు వెనక గదిలో ఉన్నాయి, నేను వస్తూ చూశాను. అతిథుల ప్రసంగాలయ్యాక పంచుతారట. బాబూ, ఆ నల్ల చొక్కా వాలంటీరు, ఇప్పుడే తెచ్చి పిల్లలకి ఇవ్వు నాన్నా. నేను మాట్లాడుతుంటే వాళ్లు తింటే నాకేం అవమానం కాదు. ముఖ్య అతిథి గారూ, మీకు అభ్యంతరం లేదు కదండీ? లేదన్నారు. చాలా సంతోషం.

ఏం చెప్తున్నాను? ఆఁ. మీలో ఎవరో అడుగుతారు, మరి సురభి వాళ్లో అని. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో 'కీచక వధ'తో మొదలైన నాటక కుటుంబాలు, ఇప్పుడు మన శేరిలింగంపల్లిలో ఉన్నారు. అక్కడ పిల్లలు నడక నేర్చుకునేదే స్టేజీ మీద. నాకు సురభి అంటే ప్రాణం. వాళ్ల పిల్లలకీ బడి పోయింది, కాదనను. కానీ ఆ పిల్లవాడికి ఆకలేస్తే పక్క తెర వెనక అత్తో పిన్నో ఉంటుంది, వేషంలో ఉండే అన్నం కలిపి పెడుతుంది. మా కృష్ణుడికి ఆ రోజు సెట్‌లో ఎవరున్నారు? తల్లిని గేటు దగ్గరే ఆపేశారు. బాధ్యుడు అని నియమంలో రాసిన ఆ మనిషి కాగితం మీద పేరుగా కాకుండా, వడ్డాణం విప్పి ఒంటికి తీసుకెళ్లే మనిషిగా ఉండాలి. నా పేజీల్లో దీని గురించి సగం పేజీ ఉంది, ఈ ఒక్క ముక్క చాలు.

14 నిండితే ఏమవుతుందో కూడా చెప్పాలి. పుట్టినరోజు నాడు కేకు కోస్తారు, ఆ అయిదు గంటల నియమం పోతుంది. 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టొద్దన్నారు, నటన వాటిలోకి రాదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లకి చీర కట్టి హీరోయిన్‌ని చేసే ఊరిలో, అసలు రక్షణ కావాల్సిన వయసు అదే కదండీ.

టీవీ డాన్సు పోటీల గురించి కూడా రాసుకొచ్చాను. చిన్నపిల్లల చేత పెద్దవాళ్ల పాటలకి పెద్దవాళ్ల స్టెప్పులు వేయించొద్దని 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్లకి సలహా ఇచ్చింది. సలహా అంటే తెలుసు కదా, మా అత్తగారు కూడా చాలా ఇచ్చేవారు.

మూడేళ్ల క్రితం యూసుఫ్‌గూడలో కూరలు కొంటుంటే వెనక నుంచి "టీచర్!" అని పిలుపు. వాడే. ఇప్పుడు లైట్‌మన్. పొట్ట వచ్చింది, కళ్లు మాత్రం అవే. ఇంటికి రమ్మని బలవంతం చేశాడు, వెళ్లాను. ఏడేళ్ల కూతురు. గోడకి గుండ్రటి లైటు, ఎదురుగా స్టాండు, దానికి ఫోను. పాప డాన్సులకి వేలమంది ఫాలోయర్లట. గర్వంగా చూపించాడు. రాత్రి పది కావస్తోంది. పాప కళ్లు నలుపుకుంటోంది. "పడుకునే టైమ్ కదరా" అన్నాను. "ఒక్క టేకే టీచర్" అన్నాడు.

వాణ్ణి నేనేమీ అనలేకపోయాను. వాడు చెడ్డవాడు కాదు, పాప అంటే ప్రాణం. నీకు గుర్తులేదా అని అడుగుదామనుకున్నాను. అడిగితే దండాలు పెట్టిన సంగతే చెప్తాడని భయమేసింది. అక్కడ ప్రొడ్యూసర్ లేడు, కలెక్టర్‌కి దరఖాస్తు లేదు, బాధ్యుడూ నాన్నే, డైరెక్టరూ నాన్నే. 2022లో జాతీయ బాలల హక్కుల కమిషన్ రాసిన ముసాయిదాలో సోషల్ మీడియాని కూడా చేర్చారు. మంచిదే. కానీ పది గంటలకి ఆ ఇంటి తలుపు ఎవరు కొడతారు? నేను గుమ్మంలోనే ఉండి కూడా ఏమీ అనలేదు.

టీచర్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఆరుగురు. సభ అయ్యాక నన్ను కలవండి. హాజరు పట్టీ సంగతి మాట్లాడదాం. షూటింగ్‌కి వెళ్లిన రోజు ఆ గడిలో నిజం రాయండి. పేరు తీసెయ్యమని అనడం లేదు. కలెక్టర్ ఆఫీసు నుంచి ఎప్పుడైనా ఎవరైనా వస్తే చూపించడానికి మన దగ్గర ఉండేది ఆ ఒక్క పుస్తకమే. పిల్లవాడు ఆపదలో ఉన్నాడనిపిస్తే 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

కార్యదర్శి గారు చీటీ పంపారు. "మేడమ్, ఇంకా ముగ్గురు వక్తలు ఉన్నారు." చూశానండీ. నా దగ్గరా ఇంకా అయిదు పేజీలు ఉన్నాయి, చదవను.

ఆ పాప వాళ్లమ్మ ఎవరమ్మా? మీరేనా? వందన సమర్పణ దాకా ఆగాలి, గ్రూప్ ఫొటో ఉందని చెప్పారా? ఫొటోకి మేం ముసలివాళ్లం సరిపోతాం. మీరు పాపని తీసుకుని వెళ్లండి, చాలా పొద్దుపోయింది. వెళ్లే ముందు ఒక్క నిమిషం, ఇటు తీసుకురండి. ఇందాకటి నుంచి చూస్తున్నా, చెయ్యి అస్తమానం తల వెనక్కి పోతోంది. సవరానికి పెట్టిన పిన్ను గుచ్చుకుంటోంది. రా తల్లీ, ఇలా తిరుగు.