ఫోన్-ఇన్: పని అమ్ముకునే వ్యాపారం, రేటు దగ్గర తకరారు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ పూట సర్వీసు వ్యాపారాల సంగతి. ఏసీ మెకానిక్కులు, క్యాటరింగ్ వాళ్లు, పార్లర్లు నడిపేవాళ్లు... వీళ్లు అమ్మేది సామాను కాదు, పని. సలహాలివ్వడానికి నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ కావలి నుంచి. చెప్పండన్నా.

శ్రోత (కావలి): నమస్తే సార్. ఏసీ సర్వీసు షాపు నాది. ముగ్గురు కుర్రోళ్లు ఉండారు. సర్వీసుకి 600 అంటే ‘నీళ్లు కొట్టేదానికి 600 ఏందయ్యా’ అంటారు. పక్కన ఒకాయన 350కే చేస్తా ఉండాడు. నేను కూడా తగ్గించాల్నా?

నిపుణుడు: తగ్గించే ముందు మీ కుర్రాడి గంట మీకెంత పడుతోందో చూద్దాం. జీతమెంత?

శ్రోత: 18,000 సార్.

నిపుణుడు: నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు. 208 గంటలకు 18,000 అంటే గంటకు 86 రూపాయల చిల్లర. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. బిట్రగుంట పోయి రావడం, ఇంటివాళ్లు తలుపు తీసేదాకా నిలబడటం, కెపాసిటర్ లాంటి విడిభాగం కోసం మళ్లీ షాపుకు తిరగడం పోను, బిల్లు పడే పని రోజుకు 4 గంటలే అనుకోండి. అప్పుడు గంట 173 అయింది. సర్వీసు సరిగ్గా చేస్తే గంట పడుతుంది. దాని మీద పెట్రోలు, అద్దె, పంపు అరుగుదల, నీళ్లు కారుతున్నాయని పిలిస్తే ఊరికే పోయొచ్చే ట్రిప్పు. ఇవన్నీ వేసుకుంటే 350లో మీకు మిగిలేది చాయ్ ఖర్చు. ఇరవై నిమిషాల్లో జాలీ కడిగి బయటపడితే తప్ప ఎవరికైనా ఆ రేటు గిట్టదు.

శ్రోత: ఆ తేడా కస్టమర్‌కి ఎట్ట తెలుస్తది సార్?

నిపుణుడు: చెప్తే తెలియదు, చూపించాలి. ఒక డిజిటల్ థర్మామీటర్ పెట్టుకోండి. పని మొదలెట్టే ముందు ఏసీ పైన గాలి పీల్చే చోట ఒక రీడింగ్, చల్లగాలి వచ్చే చోట ఒక రీడింగ్. రెంటికీ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలుంటే బాగున్నట్టు. ముందు 5, కడిగాక 10 వచ్చిందంటే ఆ రెండంకెలూ బిల్లు మీద రాసివ్వండి. ఇన్వర్టర్ ఏసీ అయితే రిమోట్‌లో 16 పెట్టి పావుగంట ఆగి కొలవాలి. లేకుంటే కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతుంటుంది, తేడా తక్కువ చూపించి మీ పరువే పోతుంది. బ్లోయర్ రెక్కల్లో పేరుకున్న మడ్డిని టార్చి వేసి ఫోటో తీయండి. కడిగాక అదే కోణంలో ఇంకోటి. రెండూ వాళ్ల వాట్సాప్‌కే.

వ్యాఖ్యాత: నీళ్లు కారే ఫిర్యాదు అన్నారు. అదెందుకొస్తుంది?

నిపుణుడు: కాయిల్ కడిగిన మడ్డి డ్రెయిన్ పైపులో చేరి గడ్డకడుతుంది. మూడో రోజు గోడ మీద చార. దిగే ముందు ట్రేలో లీటరు నీళ్లు పోసి, బయట పైపు దగ్గర అంతా వచ్చిందో లేదో చూస్తే ఆ ట్రిప్పు తప్పుతుంది. ఇంకోటి, సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి బయటి యూనిట్ రేకుల్ని, రాగి కాయిల్‌ని తినేస్తుంది. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి లీకు పట్టకుండా గ్యాసు కొట్టి వచ్చారనుకోండి, రెండు నెలలకు మళ్లీ ఫోను. ఈసారి తిట్లతో.

శ్రోత: ఇంకొకటి సార్. రోహిణి కార్తెలో రోజుకి ముప్పై ఫోన్లు, కార్తీకంలో కుర్రోళ్లు ఖాళీ.

నిపుణుడు: కార్తీకంలో ఖాళీ గంటని దాచి మే నెలలో వాడుకోలేం కదన్నా. ముగ్గురూ కలిసి రోజుకు 12 సర్వీసులు, మహా అయితే 15. అందుకే పాత బిల్లుపుస్తకం తీసి జనవరి చివర్లోనే ఫోన్లు చేయండి. ఫిబ్రవరి, మార్చిలో చేయించుకుంటే 500, మే నెలలో 700 అని ముందే చెప్పేయండి. ఏడాది కాంట్రాక్టు ఇస్తే నీళ్లతో కడిగే తడి సర్వీసులు రెండు, ఒక చెకింగు. గ్యాసు, కంప్రెసర్, పీసీబీ అనే సర్క్యూట్ బోర్డు ఇందులో లేవని పెద్దక్షరాల్లో రాయండి. మేలో ఆ రోజు 12 సర్వీసులు నిండాక వచ్చిన ఫోన్‌కి ‘ఇదిగో వస్తున్నా’ అనొద్దు. ‘ఎల్లుండి 10, 12 మధ్య’ అనండి, ఆ వేళకు పొండి.

వ్యాఖ్యాత: వాట్సాప్‌లో ఒకరు అడిగారు. స్పేర్లు కూడా అమ్ముతారట, జీఎస్టీకి 40 లక్షల దాకా ఆగొచ్చా అని.

నిపుణుడు: ఆగకూడదు. 40 లక్షలు సామాను మాత్రమే అమ్మేవాళ్లకి. సర్వీసు కలిసిందంటే, స్పేర్లూ కూలీ కలిపి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటగానే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి ఫోన్. చెప్పమ్మా.

శ్రోత (ఒంగోలు): మాది క్యాటరింగండి. 500 మందికి చెప్తారు, 620 మంది వస్తారు. కూర తగ్గిందని మమ్మల్ని అంటారు, బాకీలో కోత పెడతారు.

నిపుణుడు: కాగితం మీద మూడు అంకెలుండాలమ్మా. జనం తగ్గినా డబ్బులివ్వాల్సిన ప్లేట్లు 450. మీరు వండేది 500, పైన పది శాతం, అంటే 550. అది దాటితే ఉన్నది సర్దుతారు, రుచికి తప్ప కొరతకు మీ పూచీ లేదు. ఆఖరి లెక్క పెళ్లికి మూడు రోజుల ముందు మెసేజ్‌లో రావాలి, మాటమీద కాదు. అరిటాకులు వందేసి కట్టలుగా కట్టి, పెళ్లివారి తరఫు పెద్దమనిషిని నిలబెట్టి ఎంచి తీసుకోండి. పంక్తులయ్యాక మిగిలిన ఆకులు, చిరిగినవి తీసేస్తే అదే లెక్క. ఇద్దరూ సంతకం.

శ్రోత: డబ్బులండీ?

నిపుణుడు: ఒప్పుకున్నప్పుడు 30 శాతం, సరుకులు తెచ్చే ముందురోజు 60, ఆఖరి పంక్తి లేవకముందే 10. గిన్నెలు వ్యాన్ ఎక్కాక మీ మాట చెల్లదు.

శ్రోత: ఆషాఢం, మూఢాల్లో వంట మాస్టర్లకి పని లేదండి.

నిపుణుడు: పెళ్లి రేటుతో ఆ రోజులు నిండవు. మీకు దగ్గర్లో చీమకుర్తి గ్రానైట్ ఉంది. అక్కడి ఫ్యాక్టరీల మధ్యాహ్నం భోజనం అడగండి. లాభం సన్నగా ఉంటుంది, మాస్టరు మాత్రం వేరేచోటికి పోడు. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకుంటే, తెలియని వంటవాడికి రెండోది అప్పగించొద్దు. సాంబారుకి కందిపప్పు, చింతపండు కిలోల్లో రాసి గోడకు అంటించని వంటగది రోజుకో రుచి వండుతుంది.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, నెల్లూరు మాగుంట లేఔట్ నుంచి.

శ్రోత (నెల్లూరు): సార్, పార్లర్ నాది. రెండేళ్లు నేర్పించిన అమ్మాయి వేరే చోట చేరింది. కస్టమర్లు ఆమెతో పోతుండారు. దానికి తోడు గూగుల్‌లో ఎవరో ఒక్క స్టార్ పెట్టినారు. తగ్గింపు ఇచ్చి మంచి స్టార్లు పెట్టించుకోవచ్చా?

నిపుణుడు: అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ఆ జోలికి పోవద్దు. ఆ రివ్యూకి రెండు లైన్లలో మర్యాదగా జవాబు రాసి, విషయం ఫోన్‌లో తేల్చుకోండి. ఇక అమ్మాయి సంగతి. కస్టమర్ జుట్టుకి ఏ రంగు, ఏ షేడ్ నంబర్ వేశారు, ఎన్ని గ్రాములు, ఎంతసేపు ఉంచారు, రంగు ఒంటికి పడుతుందో లేదో చూడటానికి 48 గంటల ముందు చెవి వెనక చేసిన ప్యాచ్ టెస్టులో దురద వచ్చిందా... ఇవన్నీ ఆమె తలలోనే ఉంటే కస్టమర్ ఆమె వెంటే పోతుంది. పేరుకో కార్డు రాయండి. ఒకరికి ఎప్పుడూ ఒకే అమ్మాయి కాకుండా కడగడం ఒకరు, రంగు ఒకరు చేసేట్టు చూడండి.

శ్రోత: పోయిన కస్టమర్లకి ఫోన్ చేయమంటారా?

నిపుణుడు: చేయండి. ఆ అమ్మాయి ఊసెత్తొద్దు. ‘పోయినసారి మీకు వేసిన షేడ్ నంబర్ మా దగ్గర రాసుంది’ అనండి.

శ్రోత: రాసుకోలేదు సార్.

నిపుణుడు: అయితే వాళ్లకిప్పుడే చేయకండి. సాయంత్రం వచ్చే మొదటి కస్టమర్‌తో కార్డు మొదలెట్టండి.