లేకా? ట్యాంకా? చెరువు కట్ట మీద మా పాప పంచాయితీ

అందరికీ నమస్తే! డల్లాస్ నుంచి వచ్చి వారమైంది, జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికే ఇల్లంతా లేచి కూర్చుంటోంది. అందుకే ఈ రోజు వీడియో పొద్దున్నే మా ఊరి చెరువు కట్ట మీద నుంచి. నర్సంపేట పక్కనే మా ఊరు.

నిన్న పాఖాల చెరువు చూసొచ్చాం. దాన్ని మా పాప లేక్ అంది, సరే. ఇంటికొచ్చాక బాపు పాత భూమి కాగితాలు తిరగేస్తుంటే ట్యాంక్ అన్న మాట దాని కంటపడింది. "తాతా, మనూర్ల ట్యాంక్ ఉందా?" అని ఒకటే గంతులు. అది అనుకున్నది మిలిటరీ ట్యాంకు!

నిజానికి ఆ యుద్ధం బండికి ఆ పేరు నీళ్ల ట్యాంకు నుంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు గుట్టు బయటపడకుండా, నీళ్ల ట్యాంకులు చేస్తున్నామని చెప్పుకున్నారు. 1916లో అది యుద్ధంలోకి దిగింది, దొంగపేరే అసలు పేరైపోయింది.

మరి లేక్‌కూ ట్యాంక్‌కూ తేడా ఏంటి? నేను ఫోన్‌లో డిక్షనరీ తీసేలోపే బాపు పాపను తూము దగ్గరికి తీసుకుపోయాడు. "గిది కట్ట. గిది తూము, పొలాలకు నీళ్లు ఇడిశేది. అగో, అది మత్తడి, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయేది." నాలుగు రోజుల వానకి మత్తడి దుంకుతోంది, చూడండి. రాళ్ల మీద నీళ్లు మడత పడని చీరలా జారుతున్నాయి. కింద పిల్లలు దోమతెరతో చేపలు పడుతున్నారు. మా పాప చెప్పులు అప్పుడే ఒకటి కొట్టుకుపోయింది, ఆ సంగతి వాళ్లమ్మకు ఇంకా తెలియదు.

దానంతటది నిలిచిన నీళ్లైతే లేక్. మనిషి కట్ట పోసి ఆపి, తూము పెట్టి పొలానికి వదిలితే, మన దేశంలో రాసే ఇంగ్లీషులో అది ట్యాంక్. అలా చూస్తే కాకతీయుల పాఖాల, రామప్ప, లక్నవరం అన్నీ ట్యాంకులే. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ లెక్కలో 46 వేల పైచిలుకు చెరువులు, కుంటలు ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్లకు ట్యాంక్ అన్న మాట గుజరాతీ, మరాఠీల వైపు నుంచే అందిందంటారు. మా టెక్సాస్‌లో కూడా పశువుల కోసం తవ్విన కుంటను రైతులు ట్యాంక్ అనే అంటారు, నాకైతే అది విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది.

ఇంకో తమాషా. డల్లాస్ దగ్గర మేం ప్రతి వేసవిలో పోయే లూయిస్‌విల్ లేక్ కూడా 1950ల్లో ఆనకట్ట వేసి ఆపిన నీళ్లే. పేరుకే లేక్.

అది చెప్పగానే బాపుకు అనుమానం వచ్చింది. "మరి ఆడ నీళ్లు ఎవరు ఇడుస్తరు? నీరటోడు ఉంటడా?"

"లేడు బాపూ, ఆ ఆనకట్ట మిలిటరీ ఇంజనీర్ల చేతిలో ఉంటది."

బాపు కట్ట మీదే కూలబడి నవ్వాడు. "ఇంక పిల్ల తప్పేముందిరా? మిలిటరీ ట్యాంకే గదా!"