మైకు ఆగిందనుకున్న మాట

శ్రోతలందరికీ నమస్కారం.

2006 ఆగస్టు 7. కొలంబోలో పి. సారా స్టేడియం. శ్రీలంక, దక్షిణాఫ్రికా జట్ల రెండో టెస్టు, నాలుగో రోజు ఆట. శ్రీలంక గెలవాలంటే 352 పరుగులు చేయాలి. అంతకు కొన్ని రోజుల ముందే అదే ఊళ్లో, మరో మైదానంలో, సంగక్కర, జయవర్ధనే కలిసి 624 పరుగులు జోడించి ప్రపంచ రికార్డు పెట్టారు. కాబట్టి సంగక్కర క్రీజులో ఉన్నంతసేపూ దక్షిణాఫ్రికాకి టెన్షనే. అలాంటి సంగక్కర నికీ బోయె బౌలింగ్‌లో క్యాచ్ ఇచ్చారు. పట్టింది దక్షిణాఫ్రికా ఆటగాడు హషీమ్ ఆమ్లా. ముస్లిం, గడ్డం పెంచుకున్న మనిషి. అప్పుడాయన వయసు 23.

కామెంటరీ బాక్సులో డీన్ జోన్స్ ఉన్నారు. ఆస్ట్రేలియా మాజీ బ్యాట్స్‌మన్. వికెట్ పడగానే టీవీలో ప్రకటనలు వస్తాయి, మైకు ఆగిపోతుంది. ఆగిపోయిందనుకున్నారు. అనుకుని, పక్కవాళ్లతో ఒక మాట అన్నారు. "టెర్రరిస్టుకి ఇంకో వికెట్ దొరికింది" అని.

మిగతా దేశాల్లో ప్రకటనలు మొదలయ్యాయి. దక్షిణాఫ్రికాలో మొదలవ్వలేదు. అక్కడ ఆట చూస్తున్నవాళ్లందరికీ ఆ మాట స్పష్టంగా వినిపించింది. ఆమ్లా సొంత దేశంలో, ఆమ్లా సొంత మనుషులకి. ఫోన్లు వెల్లువెత్తాయి. ఆయన్ని పెట్టుకున్న టెన్ స్పోర్ట్స్ చానల్ వెంటనే ఉద్యోగంలోంచి తీసేసింది. టెస్టు పూర్తి కాకముందే జోన్స్ కామెంటరీ పూర్తయిపోయింది. మర్నాడు శ్రీలంక ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. టెస్టు క్రికెట్‌లో అంత ఉత్కంఠగా సాగిన ఆటలు చాలా తక్కువ. కానీ ఆ వారం పత్రికలన్నీ రాసింది ఆట గురించి కాదు, ఆ ఒక్క మాట గురించి.

జోన్స్ క్షమాపణ చెప్పారు. తెలివితక్కువ మాట అన్నాననీ, ఎవరినీ అవమానించాలని తన ఉద్దేశం కాదనీ, అసలది ప్రసారం కావలసిన మాటే కాదనీ అన్నారు. ఆమ్లాతోనూ చెప్పుకున్నారు. ఆమ్లా ఆ క్షమాపణని అంగీకరించారు. అంతటితో ఆయన ఆ విషయం వదిలేసి తన ఆట తాను ఆడుకున్నారు. 2012లో ఇంగ్లండ్ మీద ఓవల్ మైదానంలో 311 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. దక్షిణాఫ్రికా తరఫున టెస్టుల్లో అదే మొట్టమొదటి ట్రిపుల్ సెంచరీ. రెండేళ్ల తర్వాత ఆ దేశానికే టెస్టు కెప్టెన్ అయ్యారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో ఒక వాదన బాగా నడిచింది. ఇప్పటికీ ఇలాంటి సంగతి వచ్చినప్పుడల్లా అదే వాదన వస్తుంది. "తప్పు మాటే, ఒప్పుకుంటాం. కానీ దాన్ని జాతివివక్ష అనడం ఎందుకు? జోన్స్ ఆమ్లా రంగు గురించి అనలేదు, పుట్టుక గురించి అనలేదు. గడ్డం చూసి అన్నారు. మహా అయితే మతం గురించి అన్నట్టు. మతం వేరు, జాతి వేరు కదా" అని.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్క గడ్డం గురించి ఆలోచించండి. ఇంగ్లండ్ క్రికెట్‌కి పెద్దదిక్కులాంటి డబ్ల్యూ.జి. గ్రేస్ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. గుండెల మీద పరుచుకున్న దట్టమైన గడ్డం. ఆ గడ్డం చూసి ఎవరికైనా భయం వేసిందా? ఆ గడ్డం హుందాగా కనబడింది, గౌరవంగా కనబడింది. మరి ఆమ్లా గడ్డంలో కొత్తగా ఏం కనబడింది? గడ్డం ఒక్కటే అయితే ఏమీ కనబడదు. గడ్డంతో పాటు చామనఛాయ ఒళ్లు, ఆ ఒంటికో ముస్లిం పేరు, ఈ మూడూ కలిస్తేనే ఆ మాట నోటికొస్తుంది. మనిషిని చూడకుండా, మనిషి వాలకం చూసి, అతను ఎలాంటివాడో తేల్చేయడం. జాతివివక్ష పనిచేసేది ఇలాగే. దానికి మతం, రంగు, పుట్టుక అని విడివిడి అరలు ఉండవు.

ఇది మనకి తెలియని సంగతి కాదు. మన ఇళ్లలో ఏడుపు పెట్టిన సంగతి. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఒలేథ అనే ఊళ్లో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న ఒక తెలుగు ఇంజినీరుని ఒకడు కాల్చి చంపాడు. స్నేహితుడూ తెలుగువాడే, గాయాలతో బయటపడ్డాడు. మా దేశంలోంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. ఆ తర్వాత అతను చెప్పుకున్నది ఏమిటంటే, తాను ఇరాన్‌వాళ్లని కాల్చానని. మన పిల్లవాడి మతం ఏమిటో, ఊరేమిటో, వాళ్లమ్మ ఏ భాష మాట్లాడుతుందో అతను అడగలేదు. వాలకం చూశాడు. అంతే.

జోన్స్ మాటని ఆ హత్య పక్కన పెట్టడం న్యాయం కాదు, నేను పెట్టడం లేదు. కానీ ఆ చూపు ఒక్కటే. అందుకే, జోన్స్ అన్నది జాతివివక్ష మాటేనా అని నన్నడిగితే, అవును, అదే మాట అంటాను.

మరి జోన్స్ జాతివివక్ష ఉన్న మనిషా? ఈ ప్రశ్న దగ్గరే మనవాళ్లంతా ఆగిపోతారు. ఎందుకంటే ఆయన మనకి బాగా కావలసిన మనిషి. 1986లో మద్రాసు చేపాక్‌లో, సెప్టెంబరు ఉక్కపోతలో, వాంతులు చేసుకుంటూ 210 పరుగులు చేశారు. ఇక ఆడలేను, వెళ్లిపోతానంటే అవతలి ఎండ్‌లో ఉన్న కెప్టెన్ అలన్ బోర్డర్ రెచ్చగొట్టి ఆడించారు. ఇన్నింగ్స్ అయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ మ్యాచ్ టై అయింది. టెస్టు చరిత్రలో అప్పటికి అది రెండో టై మాత్రమే. తర్వాత ప్రొఫెసర్ డీనో పేరుతో మన టీవీల్లో క్రికెట్ పాఠాలు చెప్పారు. పాకిస్తాన్ లీగ్‌లో ఇస్లామాబాద్ జట్టుకి కోచ్‌గా ఉండి రెండుసార్లు కప్పు గెలిపించారు. 2020 సెప్టెంబరులో ఐపీఎల్ పని మీదే ముంబయికి వచ్చి, అక్కడే గుండెపోటుతో కన్నుమూశారు. ఆ రోజు మన దేశంలో బాధపడనివాళ్లు తక్కువ. నేనూ బాధపడ్డాను.

అలాంటి మనిషి అన్నారు ఆ మాట. అందుకే మనిషి మీద ముద్ర వేయడం మొదలుపెడితే మాట సంగతి పక్కకి పోతుంది. "ఆయన మంచివాడండీ" అంటారు ఒకరు. "మంచివాడైతే అలా ఎందుకంటాడు" అంటారు ఇంకొకరు. వాదన అంతా ఆయన గుణగణాల మీదే. ఆమ్లా ఎటో పోయాడు. ఆ సాయంత్రం డర్బన్‌లో టీవీ ముందు కూర్చున్న గడ్డం ఉన్న పిల్లవాడు ఎటో పోయాడు. డర్బన్ అంటే మనకి పరాయి ఊరు కూడా కాదు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ అక్కడున్నారు. మాటని తూచేటప్పుడు అన్నవాళ్ల మనసు కాదు చూడాల్సింది. ఎవరికి తగిలిందో, ఎక్కడ తగిలిందో చూడాలి.

ఇంగ్లండ్‌లోనూ ఇలాగే జరిగింది, 2004లో. రాన్ అట్కిన్సన్ అని ఫుట్‌బాల్ వ్యాఖ్యాత. చెల్సీ ఆటగాడు మార్సెల్ డెసాయి మీద, నల్లజాతివాళ్లని వందల ఏళ్లుగా అవమానించిన మాట వాడారు. దాన్ని నేనిక్కడ పలకను. ఆయనా మైకు ఆగిందనుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆగింది, పశ్చిమాసియా దేశాల్లో ఆగలేదు. ఆయనా ఉద్యోగం వదులుకున్నారు. ఆయన తరఫునా అదే వాదన. 1970ల చివర్లో వెస్ట్ బ్రామ్ జట్టు మేనేజరుగా ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లని కలిపి ఆడించిన మనిషి ఆయన, అప్పట్లో అది మామూలు విషయం కాదు అని. నిజమే. ఆ మంచిపనీ నిజం, ఈ చెడ్డమాటా నిజం. ఒకటి ఇంకోదాన్ని చెరపదు.

మైకు ఆగిందనుకోవడం గురించి ఒక్క మాట. మైకు ముందు కూర్చునేవాళ్లకి ఇది బాగా తెలుసు. మైకు ఆన్‌లో ఉన్నప్పుడు నాలుక మీద కాపలా ఉంటుంది. ఆగిందనుకోగానే ఆ కాపలా పోతుంది. అప్పుడు వచ్చే మాట ఆ గదిలో అలవాటైన మాట. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వుతారనే నమ్మకంతో వచ్చే మాట. కాబట్టి అది ప్రసారం కావలసింది కాదు అని చెప్పుకోవడం నాకెప్పుడూ సరైన సమాధానంగా అనిపించదు. అడగాల్సింది, ఆ గదిలో అలా అనొచ్చని ఎందుకు అనిపించింది అని.

మన గదుల సంగతీ చూద్దాం. వెస్టిండీస్‌కి రెండు టీ20 ప్రపంచకప్పులు తెచ్చిన కెప్టెన్ డారెన్ సామీ 2020 జూన్‌లో ఒక విషయం బయటపెట్టారు. ఆయన 2013, 14లో ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టుకి ఆడారు. అప్పుడు తననీ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానీ తోటివాళ్లు "కాలూ" అని పిలిచేవారట. బలమైనవాడు, గుర్రంలాంటివాడు అని మెచ్చుకుంటున్నారనుకున్నారు. పిలిచినప్పుడల్లా పలికారు. అందరూ నవ్వితే, తోటివాళ్లు సంతోషంగా ఉన్నారు కదా అని తానూ నవ్వారు. కొన్నేళ్ల తర్వాత అసలు అర్థం తెలిసింది, నల్లోడా అని. తర్వాత ఒక ఆటగాడు ఆయనతో మాట్లాడి, ప్రేమతోనే అలా పిలిచామని చెప్పారు. సామీ ఆ మాట నమ్మారు.

ప్రేమతోనే పిలిచారు. నేనూ నమ్ముతాను. మా బంధువుల్లో ఒకావిడని ఊరంతా కర్రెమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు వేరే ఉంది, పెళ్లి శుభలేఖలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. పిలిచినవాళ్లంతా ప్రేమగానే పిలిచారు. ఆవిడా పలికేది. నీకిది ఇష్టమేనా అని ఆవిడని అడిగినవాళ్లు ఎవరూ లేరు. పిలిచేవాళ్ల ప్రేమ, పలికేవాళ్ల మౌనం, ఈ రెండూ కలిస్తే అంగీకారం అయినట్టు మనం లెక్కేసుకుంటున్నాం. ఇంట్లో అలా లెక్కేసుకున్నదే రేపు మైకు దగ్గర నోటికొస్తుంది.

ఇక్కడ కొందరు విసుక్కుంటారు. రోజుకో మాట తప్పంటున్నారు, ఇలా అయితే నోరు తెరవడం ఎలా అని. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. కానీ పోయిన మాటల స్థానంలో ఏం వచ్చిందో చూస్తే అంత భయం అక్కర్లేదు.

మనందరికీ తెలిసిన మాటే తీసుకుందాం. చైనామన్. ఎడమచేత్తో, మణికట్టు తిప్పి స్పిన్ వేసే బౌలర్ని అలా అంటారు. కుల్దీప్ యాదవ్ గురించి రాసినప్పుడల్లా మన పత్రికల్లో చైనామన్ బౌలర్ అని వచ్చేది, ఇప్పటికీ వస్తుంటుంది. ఈ మాట వెనక ఒక కథ చెబుతారు. 1933లో మాంచెస్టర్‌లో, చైనా సంతతికి చెందిన వెస్టిండీస్ బౌలర్ ఎలిస్ అచాంగ్, ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ వాల్టర్ రాబిన్స్‌ని అవుట్ చేశారట. రాబిన్స్ పెవిలియన్‌కి వెళుతూ, పోయిపోయి ఒక చైనావాడి చేతిలో అవుటయ్యానే అని తిట్టుకున్నారట. కథలో నిజమెంతైనా, ఆ చిరాకు ఆటలో మాటగా నిలిచిపోయింది. 2017లో ధర్మశాలలో కుల్దీప్ తొలి టెస్టు ఆడి, మొదటి ఇన్నింగ్స్‌లోనే నాలుగు వికెట్లు తీసినప్పుడు ఈ మాట మళ్లీ అందరి నోటా నడిచింది. అప్పుడే చైనా మూలాలున్న ఒక ఆస్ట్రేలియా క్రికెట్ విలేకరి, ఈ మాట మా మనసుకి గుచ్చుకుంటుంది, ఆపేయండి అని రాశారు. అచాంగ్ పోయారు, రాబిన్స్ పోయారు, కానీ ఈ మాట చదివి ఇబ్బందిపడే మనిషి ప్రెస్ బాక్సులోనే కూర్చుని ఉన్నాడు. క్రికెట్ మీద ఏటేటా వచ్చే పేరున్న పుస్తకం విజ్డెన్, 2018లో ఆ మాటని మానేసింది. అలా రాసే బదులు ఎడమచేతి మణికట్టు స్పిన్ అని రాయడం మొదలుపెట్టింది.

తెలుగులో కామెంటరీ చెప్పేవాళ్లకి, ఆట గురించి రాసేవాళ్లకి నాదొక్కటే విన్నపం. మనిషిని వాలకంతో పిలవకండి, చేసిన పనితో పిలవండి. మణికట్టు స్పిన్నర్ అనే మాట మన దగ్గర ఇప్పటికే ఉంది, చక్కగా ఉంది. రేడియోలో వినేవాళ్లకి మైదానం కనబడదు. చైనామన్ అని ఊరుకుంటే బంతి గురించి వాళ్లకి ఏమీ తెలియదు. ఎడమచేతి మణికట్టు స్పిన్నర్ అనండి. బంతి ఏ చేతిలోంచి వస్తోందో తెలుస్తుంది. వేళ్లతో తిప్పుతున్నాడా, మణికట్టుతోనా తెలుస్తుంది. కుడిచేతి బ్యాటరుకి అది ఆఫ్ వైపు పడి లోపలికి తిరుగుతుందని, ఆట కాస్త తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని కూడా ఊహించుకోగలరు.

నమస్కారం.