పిడికెడు బియ్యం, రోజుకో రూపాయి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సెక్రటరీ గారు ఫోన్ చేసి, చిన్న చిన్న అలవాట్ల మీద మాట్లాడమన్నారు. "అయ్యా, ముప్పై ఏళ్లు వోచర్ల మీద సంతకాలు పెట్టినవాణ్ణి, వ్యక్తిత్వ వికాసం నాకేం తెలుసు?" అన్నాను. "తెల్లవారుజామున నాలుగింటికి లేవండి, చన్నీళ్లు పోసుకోండి అని చెప్పకపోతే చాలు" అన్నారాయన. ఆ మాట మీద వచ్చాను. చన్నీళ్లు నేనూ పోసుకోను.

మా అమ్మ దగ్గర మొదలుపెడతాను. పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేది. కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, గోడవారగా ఉన్న చిన్న కుండలో వేసి మూకుడు పెట్టేది. పొద్దునా అంతే, రాత్రీ అంతే. మేం ఐదుగురం. ఆ పిడికెడు తగ్గిందని కంచం ముందు కూర్చున్న ఏ ఒక్కరికీ ఎప్పుడూ తెలియలేదు. నెలాఖర్లో నాన్న జీతం ఆలస్యమైతే ఆ కుండ మూకుడు తీసేది.

లెక్కలు కొత్తగా వచ్చిన వయసులో నేనో లెక్క వేశాను. పిడికెడు యాభై గ్రాములనుకుంటే పూటపూటకీ కలిపి రోజుకు వంద, నెలకు మూడు కేజీలు. "ఆ మూడు కేజీలూ ఒకటో తారీఖునే తీసి పక్కన పెట్టెయ్యొచ్చు కదమ్మా?" అన్నాను. అమ్మ నవ్వి, "అంత ఒక్కసారి తియ్యాలంటే చెయ్యి రాదురా. పిడికెడైతే నేను చూసుకోకుండానే తీసేస్తుంది" అంది.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమైంది నెల్లూరు జిల్లాలో, అదీ నేను ఒక తప్పు చేశాక.

మీలో చిన్నవాళ్లకి అక్కడి సారా ఉద్యమం కథ తెలియకపోవచ్చు. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరదీపం అని రాత్రి బళ్లు నడిచేవి. పొలం పని చేసొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుతురులో అక్షరాలు దిద్దేవాళ్లు. అక్షరాలతో పాటు కూలి డబ్బులు ఎటు పోతున్నాయన్న మాట కూడా అక్కడే వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టుకు అడ్డం నిలబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. సారా ప్యాకెట్‌కి పోయే డబ్బులో రోజుకో రూపాయి పక్కన పెడదామనుకున్నారు. పొదుపు లక్ష్మి సంఘాలు అలా పుట్టాయి.

అప్పట్లో నేను ఆ జిల్లాలో ఒక చిన్న బ్రాంచిలో పని చేస్తున్నాను. పదిహేను మంది ఖాతా తెరవడానికొచ్చారు. రోజుకో రూపాయి అని విని నేనూ మా క్యాషియరూ మొహాలు చూసుకుని నవ్వాం. లెడ్జర్ కాగితం ఖర్చు కూడా రాదన్నాను. తెలుగులోనే అన్నాను, వాళ్లకి వినపడేలాగే అన్నాను. వచ్చే వారం రమ్మని పంపేశాను. మళ్లీ వారం వాళ్లు వచ్చారు, అదే పదిహేను మంది. ఈసారి ఖాతా తెరిచాం.

పదిహేను మంది, రోజుకో రూపాయి, నెలకు 450. సంవత్సరానికి 5,475. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆ ఊళ్లో అప్పటి వడ్డీ నూటికి ఐదు రూపాయలు, అదీ నెలకి. ఏడాదికి లెక్క కట్టుకోండి, అరవై శాతం. సంఘం తన సభ్యులకి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చింది. ఆ వడ్డీ కూడా మళ్లీ సంఘానికే చేరింది.

ఒకసారి వాళ్ల మీటింగ్ చూడ్డానికి వెళ్లాను. రామాలయం అరుగు మీద చాప. ట్రంకు పెట్టె, దాని మీద గళ్ల నోటుబుక్కు. ఒక్కొక్కరూ కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు పెడుతున్నారు. చదువుకున్న ఒక అమ్మాయి పేరు చదివి టిక్కు పెడుతోంది. ఒకావిడ పేరు దగ్గర మూడు గళ్లు ఖాళీ. ఎవరూ తిట్టలేదు. "ఏమ్మే, పిల్లోడికి జరం తగ్గిందా?" అని అడిగారంతే. ఆవిడ ముడి విప్పి, మూడు రోజులవీ ఆ రోజుదీ కలిపి నాలుగు బిళ్లలు పెట్టింది.

రూపాయి కంటే ఆ ఖాళీ గడి గట్టిది. మనం రాలేదని గమనించే మనిషి ఒకరుంటే చాలు, మర్నాడు మనం వెళ్తాం.

దేశవ్యాప్తంగా నాబార్డు, అంటే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు, 1992లో ఐదొందల పొదుపు సంఘాలకి బ్యాంకుల చేత అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో పొదుపు సంఘం లేని ఊరు దొరకడం కష్టం. అంతా తీపే అని చెప్పను. క్రమం తప్పకుండా కట్టే ఆ అలవాటు చూసే కదా, చిన్న చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చి వాళ్ల మీద అప్పులు గుమ్మరించాయి! వసూళ్ల ఒత్తిడి ఎంత దాకా పోయిందంటే, 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మంచి అలవాటున్నవాడి దగ్గరికి దాన్ని వాడుకునేవాడు కూడా వస్తాడు.

ఇక నా సంగతి. రిటైరయ్యే ముందు షుగర్ వచ్చింది. డాక్టరు గారు నడవమన్నారు. జనవరి ఒకటిన మొదలుపెట్టి సంక్రాంతికి మానేశాను. ఉగాదికి మళ్లీ మొదలు, ఎండలకి మళ్లీ బందు. రెండు జతల బూట్లు కొన్నాను, రెండూ కొత్తగానే ఉన్నాయి. ప్రతిసారీ రోజుకి గంట నడవాలని పెట్టుకునేవాణ్ణి. అంటే అమ్మ వద్దన్న మూడు కేజీలన్నమాట.

చివరికి మా ఆవిడ ఒక పని చేసింది. కాఫీ గ్లాసు వంటగదిలో ఇవ్వడం మానేసి, వీధి గుమ్మం దగ్గర బూట్ల పక్కన పెట్టడం మొదలుపెట్టింది. కాఫీ తాగాలంటే అక్కడ కూర్చోవాలి. కూర్చుంటే చెయ్యి ఊరుకోదు, బూట్ల లేసులు కడుతుంది. మొదట్లో వీధి చివర పాలబూత్ దాకా వెళ్లి వచ్చేసేవాణ్ణి. ఏడు నిమిషాలు. ఇప్పుడు నలభై. మందులు మానలేదు, డోసు మాత్రం డాక్టరు గారు తగ్గించారు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని పన్నెండు వారాలు గమనించారు. టిఫిన్ తర్వాత ఒక పండు తినడమో, భోజనంతో గ్లాసు నీళ్లు తాగడమో, ఇలా ఎవరికి వాళ్లు రోజూ ఒకే సందర్భంలో చేసే పని ఒకటి ఎంచుకున్నారు. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 చాలు. కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. నాకు ఇంకో విషయం బాగా నచ్చింది. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టమేం లేదట. నేను మాత్రం ఒక్కరోజు తప్పగానే "అయిపోయింది, ఇక ఉగాదికే" అనుకునేవాణ్ణి. ఆ మూడు ఖాళీ గళ్ల ఆవిడకి ఈ పరిశోధన అక్కర్లేకపోయింది.

ఫోన్ ఎలా తగ్గించాలని ఇందాక ఒక అబ్బాయి చీటీ పంపాడు. బాబూ, నాకూ చేతకాలేదు. రాత్రి ఛార్జర్ హాల్లో పెడుతున్నాను, అంతవరకే చెప్పగలను.

ఈ పూట ఊరి నుంచి బస్సులో బయల్దేరి రావడంతో పొద్దున నా నడక తప్పింది. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండు దాకా కారులో దింపిస్తామని సెక్రటరీ గారన్నారు, వద్దన్నాను. రెండు కిలోమీటర్లేనట. నాతో వచ్చేవాళ్లుంటే రండి, మిగతా ప్రశ్నలు దారిలో మాట్లాడుకుందాం.