ఆగిన బాయిలర్‌కి కావలి: ఓవర్‌ఫ్లో ట్రాప్

మిత్రులారా, ఒకే హెడర్‌కి (అన్నిటి ఆవిరీ చేరే ఉమ్మడి పైపు) మూడు తాపన బాయిలర్లు కలిపి ఉన్నాయి, ఒక్కటే మండుతోంది అనుకోండి. దాని ఆవిరి హెడర్ మీదుగా చల్లబడ్డ రెండింట్లోకీ దూరి అక్కడ నీరైపోతుంది. పంపు ఎవరూ వేయలేదు, అయినా గేజ్ గ్లాసులో (నీటి మట్టం చూపే గాజు గొట్టం) మట్టం పైకి పాకుతుంది. ఆ బాయిలర్‌ని అలాగే వెలిగిస్తే నీళ్లు ఆవిరితో పాటు పైపుల్లోకి ఎగదన్నుతాయి. వాటర్ హ్యామర్, అంటే పైపుల్లో నీరు సుత్తిలా కొట్టే దెబ్బ, ఆ మోత విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ మిగులు నీటిని, బాయిలర్లకి నీరందించే ఫీడ్ ట్యాంకుకి తిప్పి పంపేదే ఓవర్‌ఫ్లో ట్రాప్. సాధారణంగా ఫ్లోట్ అండ్ థర్మోస్టాటిక్ రకం (నీటిని తేలే బుడ్డి, గాలిని వేడికి స్పందించే వాల్వు వదులుతాయి), బాయిలర్‌కి ఒకటి. దానికి వెళ్లే పైపు బాయిలర్లో మామూలు మట్టానికి కొన్ని అంగుళాల పైన మొదలవ్వాలి. ఆ పైపు మొదలు మరీ కిందపెడితే మరిగే నీటి అలలకే కారిపోతుంది.

కొనేటప్పుడు చాలామంది పైపు సైజు అడుగుతారు. అడగాల్సింది ఎంత పీడన తేడా దగ్గర ఎంత నీరు వదులుతుందని. తేడా నాలుగో వంతుకి పడితే సామర్థ్యం ఇంచుమించు సగమవుతుంది. ఆగిన బాయిలర్లో పీడనం ఉండీ లేనట్టే. అప్పుడు ట్రాప్‌కి ఆసరా దాని పైనున్న నీటి ఎత్తే: మీటరుకి 0.1 బార్. అందుకే పైపు మొదలు అక్కడే ఉంచి, ట్రాప్‌ని మాత్రం వీలైనంత కిందికి దించి, అక్కణ్ణుంచి ట్యాంకు దాకా వాలుగా పైపు వేయండి. నేనైతే బాయిలర్లోకి నీరు వదిలే ఫీడ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకుని లెక్క కడతాను. పంపు నిమిషానికి 40 లీటర్లు తోస్తే ట్రాప్ గంటకి 2,400 కిలోలు వదలాలి.

ఎక్కువ పీడనపు రేటింగ్ కొంటే భద్రం అనుకోకండి. రేటింగ్ పెరిగేకొద్దీ లోపలి రంధ్రం చిన్నదవుతుంది. సేఫ్టీ వాల్వ్ తెరుచుకునే పీడనానికి తగ్గకుండా ఉంటే చాలు. ఇంకోటి, చల్లారే బాయిలర్లో శూన్యం ఏర్పడితే ఎంత మంచి ట్రాపైనా నీరు వదల్లేదు. గాలిని లోపలికి వదిలి శూన్యం పోగొట్టే వాక్యూమ్ బ్రేకర్ ఉండాల్సిందే.

ట్రాప్ తెరుచుకుని చెడిపోతే ట్యాంకు వెంట్‌లోంచి ఆవిరి పొగలా వస్తుంది, వేడెక్కిన నీటితో ఫీడ్ పంపు గరగరలాడుతుంది. మూసుకుని చెడిపోతే మాత్రం చప్పుడే ఉండదు. ఫ్లోట్‌కి చిల్లి పడొచ్చు, తుప్పు రజను అడ్డుపడొచ్చు. రజను పట్టే జల్లెడ, అదే స్ట్రెయినర్, కడుగుతూ ఉండండి. ట్రాప్‌ని తిట్టేముందు ఫీడ్ లైన్ చెక్ వాల్వ్ (నీటిని ఒకవైపే పోనిచ్చేది) కారుతోందేమో చూడండి, సగం గొడవ అక్కడే.

ఏటా ఒకసారి ఆగిన బాయిలర్లోకి నెమ్మదిగా నీరు ఎక్కించి, ట్రాప్ ఎక్కడ వదలడం మొదలెడుతుందో గేజ్ గ్లాసు పక్కన గీత పెట్టండి. మరుసటేడు మట్టం ఆ గీత దాటిందంటే, వాల్వులు మూసి, చల్లారాక ట్రాప్ మూత విప్పండి.