మంచుయుగపు బెరింజియా: పుప్పొడి, పురుగుల సాక్ష్యం

మిత్రులారా, సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు సముద్రమట్టం నేటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండటంతో, సైబీరియాకూ అలాస్కాకూ మధ్య బేరింగ్ జలసంధి స్థానంలో విశాలమైన మైదానం బయటపడింది. అటూ ఇటూ ఉన్న నేలలతో కలిపి దీన్ని బెరింజియా అంటారు. అక్కడ మామత్‌లు, గుర్రాలు, బైసన్‌లు తిరిగాయని ఎముకలు చెబుతున్నాయి. అవి ఏం మేసి బతికాయన్న ప్రశ్న దగ్గరే శాస్త్రవేత్తలు రెండు పక్షాలయ్యారు.

సరస్సుల అడుగు బురదలోని పుప్పొడిలో గడ్డి, తుంగ, మాచిపత్రి ప్రజాతి రేణువులు ఎక్కువ. (వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రిదీ ఆ ప్రజాతే.) కానీ శాతాలు ఎలా ఉన్నా, ఏటా రాలిన మొత్తం పుప్పొడి చాలా స్వల్పం కనుక అది అక్కడొకటి ఇక్కడొకటిగా మొక్కలు మొలిచిన శీతల బీడేనని పాల్ కొలిన్వో వంటివారు వాదించారు. అంత భారీ జంతువులను బీడు పోషించలేదని డేల్ గత్రీ పట్టుబట్టారు.

పుప్పొడికి రెండు బలహీనతలున్నాయి: గడ్డి రేణువును చూసి అది ఏ గడ్డిదో చెప్పడం సాధారణంగా కుదరదు, పైన్ వంటి చెట్ల రేణువులు గాలికి వందల కిలోమీటర్లు కొట్టుకొస్తాయి. పెంకుపురుగుల సంగతి వేరు. గడ్డకట్టిన మట్టిని కరిగించి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలినదానికి కిరోసిన్ పట్టించి నీళ్లు పోస్తే, పురుగుల పెంకులు నూనెతోపాటు పైకి తేలతాయి, మొక్కల తునకలు చాలావరకు అడుగున ఉండిపోతాయి. రెక్క పెంకు మీది చాళ్లనూ, చుక్కల్లాంటి గుంటలనూ సూక్ష్మదర్శినిలో పోల్చి చూస్తే చాలాసార్లు జాతి దాకా తేల్చవచ్చు. ఆ జాతుల్లో అత్యధికం నేటికీ ఉన్నాయి కనుక అవి కోరుకునే వేడిమి, తేమ మనకు తెలుసు.

ఉత్తర అమెరికా వైపు మాచిపత్రిని తినే ముక్కుపురుగు శిలాజాలు దొరికాయి. తిండి మొక్క అక్కడే పెరిగిందనడానికి ఇంతకంటే సూటి ఆధారం పుప్పొడి ఇవ్వలేదు. సైబీరియాలోనేమో పొడినేలల్లో బతికే మోరికస్ అనే చిన్న పెంకుపురుగు విస్తారంగా కనిపిస్తుంది. అయితే స్కాట్ ఇలయస్ బృందం సముద్రగర్భం నుంచి తీసిన బోరు నమూనాలను పరిశీలించి, రెండు ఖండాలను కలిపిన ఆ నేల వంతెన మధ్యభాగం తేమతో కూడిన పొదల టండ్రా (చెట్లు పెరగని శీతల నేల) అనీ, స్టెప్పీ (పొడి గడ్డిమైదానం) పురుగులు అక్కడ లేవనీ 1996లో నేచర్ పత్రికలో ప్రకటించింది. అంటే బెరింజియా అంతటా ఒకే రకం మేత ఉందనుకోవడమే తగవుకు మూలమని నా అభిప్రాయం.

ఉన్ని ఖడ్గమృగం ఆసియా నుంచి అమెరికాకు దాటకపోవడానికి ఈ తేమ నేలే కారణమన్న వాదన ఆకర్షణీయమే గాని, కొన్ని బోరు నమూనాల మీద ఆధారపడినది కనుక ప్రస్తుతానికి దాన్ని ఊహగానే ఉంచడం మేలు.